బోరుకొచ్చిన స్పిట్‌ఫైర్

పోయినేడు తోతాపురి కాయలు జ్యూస్ ఫ్యాక్టరీలకు తోలే రోజుల్లో, తిరుపతి రేణిగుంట రోడ్డులో ఇంజన్ల సిలిండర్లు కోసి బాగుచేసే మా బోరింగ్ షాపు ముందు ఒక టాటా ఏస్ ఆగింది. వెనకాల పట్టా కప్పిన ఇంజన్. ముందు సీట్లోంచి దిగిన అమ్మాయికి ముప్పై ఏళ్లు ఉండవు. ఉద్యోగం బెంగళూరులో, సొంతూరు చిత్తూరు పక్కన పల్లె.

"అన్నా, హెరాల్డ్ ఇంజన్లు తెలిసిన షాపు ఇదేనంట కదా?"

పట్టా తీసి చూశాను. బ్లాకు పక్కన గాలిలో పెట్రోలు కలిపే ఎస్‌యూ కార్బురేటర్లు రెండు, గొట్టాలు వంచి చేసిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. "ఇది హెరాల్డ్ కాదమ్మా" అన్నాను.

"కాదన్నా, స్పిట్‌ఫైర్. మా తాతది. అరవై ఆరు మోడల్. తోపులో షెడ్డులో ఉండాది కారు."

చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టేశాను. ముప్పై ఐదేళ్లుగా ఈ పనిలో ఉన్నా, ఆ ఇంజన్‌ను తాకడం అదే మొదటిసారి. అయినా నాకు కొత్త కాదు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఇంగ్లండ్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల ఓపెన్ కారు. దాని రూపం గీసినాయన ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ వాళ్లు చేసిన హెరాల్డ్ కారు రూపమూ ఆయన చేతిదే. ఇంజన్ల వంశం కూడా ఒకటే. 1953లో స్టాండర్డ్ ఎయిట్ అనే చిన్న కారుకు పెట్టిన 803 సీసీ ఇంజన్ పెరుగుతూ వచ్చి మన హెరాల్డ్‌లో 948 సీసీ అయింది, స్పిట్‌ఫైర్‌లో 1147 అయింది. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, మాత్రం రెండింటికీ 76 మిల్లీమీటర్లే. బోరు, అంటే సిలిండర్ అడ్డుకొలత, 63 నుంచి 69.3కి పెరిగింది, అంతే. మా నాయన షాపు పెట్టిన కొత్తలో హెరాల్డ్‌లు వరసగా వచ్చేవి. వాల్వుకు గ్రైండింగ్ పేస్ట్ రాసి, కర్రను అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా తిప్పడం నేను నేర్చుకున్నది వాటి మీదే.

ఆ అమ్మాయికి ఏం కావాలో స్పష్టంగా తెలుసు. తాత నడిపినట్టు మెల్లగా కాదు, గట్టిగా పోవాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ఒక్క రోజైనా తిప్పాలి. తర్వాత మామూలుగా చిత్తూరు, తిరుపతి రోడ్ల మీద కూడా నడవాలి. ఈ రెండో మాట చెప్పింది కాబట్టే పని ఒప్పుకున్నాను. అరవై ఆరు మోడల్ అంటే మార్క్ 2 స్పిట్‌ఫైర్. దానికి కంపెనీ చెప్పిన బలం 6000 ఆర్‌పీఎం దగ్గర 67 హార్స్‌పవర్. దాన్ని ఎనభై దాటించాలని ఆమె రాసుకొచ్చిన కాగితంలో కార్బురేటర్లు, వాల్వులు తెరిచే క్యామ్, పిస్టన్లు, 10.5 కంప్రెషన్, అన్నీ ఉన్నాయి. కంప్రెషన్ అంటే పిస్టన్ పైకొచ్చేసరికి సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో ఆ లెక్క. "ముందు కొలుద్దాం, తర్వాతే కొందాం" అని ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాను.

విప్పడానికే పది రోజులు పట్టింది. మూడో సిలిండర్‌లోకి నీళ్లు దిగి పిస్టన్ గోడకు అతుక్కుపోయింది. డీజిలూ గేర్ ఆయిలూ కలిపి పోసి, రోజూ పొద్దునా సాయంత్రం చెక్క దిమ్మె పెట్టి మెల్లగా కొట్టేవాణ్ని. ఎనిమిదో రోజు సాయంత్రం ఒక్క వెంట్రుక మందం కదిలింది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది, కంటికి తెలీదు. తుప్పు తిన్న గుంటలు పోవాలంటే నలభై సైజుకు బోరు కొట్టక తప్పదని తేలింది. నలభై సైజు అంటే నలభై థౌ, అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. బోరు 70.3 మిల్లీమీటర్లు అవుతుంది, ఇంజన్ 1180 సీసీ అవుతుంది. బలం కోసమని ఏమీ చేయకుండానే ముప్పై మూడు సీసీలు కలిసొచ్చాయి.

తర్వాత క్రాంకు, పైకీ కిందికీ ఆడే పిస్టన్లు తిప్పే ఇరుసు. ఇక్కడ మూడు నెలలు పోయాయి.

మా షాపులో క్రాంకు గ్రైండింగ్ మిషన్ లేదు. చెన్నైలో పేరున్న ఒక చోటికి పంపాం. ఇరవై సైజు తగ్గించి, అద్దంలా పాలిష్ చేసి పంపారు. పెట్టె తెరవగానే ఆ మెరుపు చూసి మా షాపు పిల్లోడు ఫోటో తీసుకున్నాడు. మైక్రోమీటర్ పెట్టాను, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. బేరింగులో తిరిగే గుండ్రటి భాగం, అంటే జర్నల్, పక్క గోడను కలిసే మూలలో గోరు పెట్టి లాగాను. గోరు ఆగిపోయింది.

ఆ మూల గుండ్రంగా ఉండాలి. గిన్నె అడుగు గోడను కలిసే చోట ఎలా వంపు తిరుగుతుందో అలా. గోరు అక్కడ జారాలి. వీళ్లు గ్రైండింగ్ రాయి అంచును గుండ్రంగా దిద్దకుండా, పెట్టె మూలలా నిటారుగా కోసేశారు. క్రాంకు తిరుగుతున్నప్పుడు వంగుతుంది. కంటికి కనపడనంత వంగినా, ప్రతి చుట్టులోనూ వంగుతుంది. ఆ ఒత్తిడంతా వంపు ఉంటే పరుచుకుంటుంది, నిటారు మూల ఉంటే అక్కడే గుమిగూడుతుంది. పగులు పుట్టేదీ అక్కడే. పైగా ఈ ఇంజన్‌లో క్రాంకును పట్టుకునే మెయిన్ బేరింగులు మూడే. ఇప్పటి నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఐదుంటాయి. మూడు బేరింగుల మీద 6000 దాటించాలనుకునే వాడు క్రాంకు మూలల విషయంలో రాజీ పడకూడదు.

ఫోన్ చేస్తే "సైజు కరెక్టుగా ఉంది కదా సార్" అన్నారు. సైజు కరెక్టే. ఆ మాటకు నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఒకసారి కోసేసిన ఇనుము తిరిగి రాదు. యాభై ఏడేళ్లు ఏ పగులూ లేకుండా బతికిన క్రాంకు, ఎవరో పది నిమిషాలు రాయి దిద్దుకోవడానికి బద్ధకించినందుకు పనికిరాకుండా పోయింది. ఆ అమ్మాయికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకోటి తెప్పిస్తానన్నా, ఈసారి మీరు పక్కనే నిలబడండి" అంది.

ఇంగ్లండ్ నుంచి వాడిన క్రాంకు ఒకటి వచ్చింది. దాన్ని నేనే కోయంబత్తూరు తీసుకెళ్లాను. ముందు అయస్కాంతంతో పగుళ్ల పరీక్ష చేయించాను. ఇనుమును అయస్కాంతం చేసి, పైన ఇనుప రజను కలిపిన ద్రవం పోస్తారు. పగులుంటే ఆ గీత వెంట రజను చీమల బారులా చేరుతుంది. ఎక్కడా చేరలేదు. మిషన్ పక్కనే నిలబడి, రాయి అంచును దిద్దేటప్పుడు రేడియస్ గేజ్ పెట్టి చూసుకున్నాను. పది సైజుకే సరిపోయింది. గోరు జారింది.

సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్ సంగతి చెప్పాలంటే ముందు పెట్రోలు సంగతి చెప్పాలి. ఈ కారు పుట్టినప్పుడు పెట్రోల్‌లో సీసం కలిపేవారు. ఆ సీసం, పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకూ అది కూర్చునే సీటుకూ మధ్య పల్చటి పూతలా నిలిచి, ఆ వేడిలో రెండూ అతుక్కుని చిరిగిపోకుండా కాపాడేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత పోత ఇనుము సీటు మీద ఇప్పటి పెట్రోల్‌తో గట్టిగా నడిపితే, వాల్వు కొంచెం కొంచెంగా హెడ్ లోపలికి దిగబడిపోతుంది. అందుకని నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఉక్కు రింగులు దింపాం. రింగు గుంట కన్నా మూడు థౌ పెద్దగా ఉండాలి. రింగులను రాత్రంతా పక్కనున్న ఐస్‌క్రీం షాపు డీప్ ఫ్రిజ్‌లో పెట్టించాను. పొద్దున హెడ్‌ను నూట యాభై డిగ్రీల దాకా వేడి చేశాం. పిల్లోడు రింగు తెచ్చేది పరుగున. వేడికి హెడ్ సాగి, చలికి రింగు కుంచించుకుని, రెండు చిన్న దెబ్బలకే టప్పున కూర్చుంది. నాలుగోది కూర్చునేసరికి ఐస్‌క్రీం షాపాయన కూడా పని వదిలేసి మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

సీటు మీద మూడు కోణాలు కోశాను: పైన ముప్పై డిగ్రీలు, వాల్వు కూర్చునే చోట నలభై ఐదు, లోపల అరవై. గాలి మెలికలు తిరగకుండా జారిపోయే దారి అది. హెడ్‌లో గాలి దారులైన పోర్టులను పెద్దవి చేయమని చాలామంది అంటారు. నేను చేయను. వాల్వు కాడ జారే గైడు చుట్టూ ఉన్న గడ్డలు తీసి, మ్యానిఫోల్డు రంధ్రానికీ హెడ్డు రంధ్రానికీ మధ్య మెట్టు లేకుండా కలిపాను. దారి మరీ వెడల్పయితే గాలి వేగం పడిపోయి, ఊర్లో రెండో గేర్‌లో ఇంజన్ నీరసంగా ఉంటుంది.

ఇక కంప్రెషన్ మీద మా ఇద్దరికీ జరిగిన వాదన. ఆమె 10.5 అంటుంది. నేను కొలిచి చెప్తానన్నాను. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా బావమరిదిని అడిగి ద్రవాన్ని చుక్కల్లో కొలిచే బ్యూరెట్ ఒకటి తెచ్చాను. హెడ్‌ను తలకిందులుగా పెట్టి, వాల్వులు, ప్లగ్గు బిగించి, పెట్రోలు మండే గుంట, అంటే చాంబర్, మీద చిన్న రంధ్రమున్న అద్దం ముక్కను గ్రీజుతో అతికించి, ఆ రంధ్రంలోంచి కిరోసిన్ వదిలాను. అద్దం కింద ఆఖరి గాలి బుడగ పోయేదాకా చుక్క చుక్కగా. నాలుగు చాంబర్లూ నాలుగు రకాలుగా ఉన్నాయి: 29.2, 30.1, 30.6, 29.7 సీసీ. ఇనుము కలపలేం, తీయగలం. అందుకే మిగతా మూడింటినీ అరగదీసి 30.6కు తెచ్చాను. దీనికి రెండు రోజులు. అరగదీయడం, కొలవడం, మళ్లీ అరగదీయడం.

ఇప్పుడు లెక్క. నలభై సైజు బోరుతో ఒక్కో సిలిండర్ 295 సీసీ. చాంబర్ 30.6, గ్యాస్కెట్ మందంలో పట్టేది 4, పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు అంచుకు కింద మిగిలేది 1.2. కలిపితే 35.8. అంటే కంప్రెషన్ 9.2 అయింది. కంపెనీ ఇచ్చింది 9. హెడ్ కింది ముఖం శుభ్రం చేయడం తప్ప ఒక్క థౌ కూడా అదనంగా కోయలేదు.

"ఇంకా కోయొచ్చు కదన్నా? ఈ20 పెట్రోల్‌కు ఆక్టేన్ ఎక్కువంట కదా?"

ఆమె చెప్పింది నిజమే. ఈ20లో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది, అది కలిస్తే ఆక్టేన్ పెరుగుతుంది, అంటే ఒత్తిడికీ వేడికీ పెట్రోలు దానంతటది మండిపోకుండా ఓర్చుకుంటుంది. కానీ ఇది పోత ఇనుప హెడ్, అల్యూమినియంలా వేడిని గబగబా వదలదు. మన దగ్గర మే నెలలో నీడలోనే నలభై రెండు డిగ్రీలు. చిత్తూరు నుంచి వచ్చి లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగి, మళ్లీ తొక్కినప్పుడు హెడ్ ఎంత వేడిగా ఉంటుందో ఇంగ్లండ్‌లో ఆ 10.5 లెక్క రాసినవాళ్లు చూడలేదు. "ట్రాక్ మీద ఉండేది ఒక రోజమ్మా, సిగ్నల్ దగ్గర ఉండేది మిగతా రోజులన్నీ" అన్నాను. ఒప్పుకుంది. మనసులో పూర్తిగా ఒప్పుకున్నట్టు మాత్రం ఆ రోజు అనిపించలేదు.

ఈ20 ఇంకో పని కూడా పెట్టింది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, ఇంధనం ఎక్కువ కావాలి. పెట్రోల్ ఒక పాలుకు గాలి 14.7 పాళ్లయితే, ఇరవై శాతం ఇథనాల్ కలిసిన దానికి పదమూడున్నర దగ్గర. పాత సూదులతోనే నడిపితే ఇంజన్‌కు తిండి చాలక వేడెక్కుతుంది. ఎస్‌యూ కార్బురేటర్ అందం ఇక్కడే ఉంది. దాంట్లో ఒక పిస్టన్ గాలి పీల్పును బట్టి పైకి లేస్తుంది, దానికి వేలాడే సన్నటి సూది జెట్‌లోంచి పైకొస్తుంది. సూది ఎంత సన్నబడితే అంత పెట్రోలు. ఏ ఎత్తులో ఎంత సన్నగా ఉండాలో సూది మీదే రాసి ఉన్నట్టు లెక్క. అంబాసిడర్ల మీద పనిచేసిన పాత మెకానిక్కులకు ఇది బాగా తెలుసు. సూదులు మార్చాం. పాత రబ్బరు గొట్టాలన్నీ పీకేసి, ఇథనాల్‌కు మెత్తబడని రకం వేశాం.

పిస్టన్లు వచ్చాక వాటిని తూకం వేయడానికి గాంధీ రోడ్డులో బంగారం షాపు పెట్టుకున్న స్నేహితుడి దగ్గరికి వెళ్లాను. కొనుగోళ్లు లేని మంగళవారం మధ్యాహ్నం. గాజు తలుపుల తక్కెడలో నాలుగు పిస్టన్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం. ఎక్కువ బరువున్న దానికీ తక్కువ దానికీ తేడా నాలుగు గ్రాములు.

"నాలుగు గ్రాములంటే మాకు ఉంగరం" అన్నాడు మావాడు. "మీకు ఇనుములో అదొక లెక్కా?"

లెక్కే. 6000 ఆర్‌పీఎం అంటే సెకనుకు వంద చుట్లు. ప్రతి చుట్టులో పిస్టన్ పైకెళ్లి ఆగి, కిందికొచ్చి ఆగాలి. ఆ వేగంలో నాలుగు గ్రాముల తేడా క్రాంకును ఆరేడు కిలోల బరువుతో గుంజినట్టు గుంజుతుంది, సెకనుకు వందసార్లు. బేరింగులు తినేది, స్టీరింగ్ వణికించేది ఆ గుంజుడే. పిస్టన్ లోపల పిన్ను దిమ్మెల కింద కొంచెం కొంచెం గీరి, నాలుగింటినీ అర గ్రాము తేడాలోకి తెచ్చాను. పిస్టన్లను క్రాంకుకు కలిపే కన్‌రాడ్లకు ఇంకా ఓపిక కావాలి, పెద్ద వైపు విడిగా, చిన్న వైపు విడిగా తూచాలి. నా మటుకు నాకు ఈ ఇంజన్‌లో అన్నిటికన్నా ఎక్కువ బలం వచ్చింది ఈ పనిలోనే. గుర్రాలు పెరగవు, ఉన్న గుర్రాలు కొట్టుకోవు.

కట్టేటప్పుడు ఒక్కచోట చాలాసేపు ఆగాను. ఈ వంశం ఇంజన్లకు ఒక పాత జబ్బుంది. క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా వెనక మెయిన్ బేరింగ్ దగ్గర రెండు అర్ధచంద్రాకారపు వాషర్లుంటాయి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ బరువు వాటి మీదే పడుతుంది. అవి అరిగి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి రాలిపోతే, క్రాంకు వెళ్లి బ్లాకునే తింటుంది. హెరాల్డ్ కొనడానికి వచ్చినవాళ్లకు మా నాయన ముందు ఒకటే చేసి చూపించేవాడు. ఒకరిని లోపల కూర్చుని క్లచ్ తొక్కమనేవాడు, తాను ముందు క్రాంకు పుల్లీని చూసేవాడు. పుల్లీ ముందుకు దూకితే బేరం అక్కడితో సరి. నేను డయల్ గేజ్ పెట్టి, క్రాంకును ముందుకూ వెనక్కూ నెట్టి, ఆరు థౌ కదలిక వచ్చేదాకా వాషర్లు మార్చి చూశాను. గాడులున్న ముఖం క్రాంకు వైపు ఉండాలి. బిగించే ముందు పిల్లోడిని పిలిచి చూపించాను, రేపు నేను లేకపోయినా వాడికి గుర్తుండాలని.

క్యామ్‌ను కొంచెం ఎక్కువసేపు వాల్వు తెరిచి ఉంచేలా మళ్లీ గ్రైండ్ చేయించాం. కొత్త క్యామ్‌కు మొదటి ఇరవై నిమిషాలే ప్రాణగండం. దాని కదలికను వాల్వుల వైపు అందించే ట్యాపెట్లు దాని మీద రాసుకుంటూ తిరుగుతాయి. ఇప్పటి కార్ల ఆయిళ్లలో జింక్ తగ్గించారు కాబట్టి, జింక్ ఎక్కువున్న 20డబ్ల్యూ50 పోశాం. ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టాం. తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేసి, స్లోలో పెట్టకుండా, రెండు వేలకూ రెండున్నర వేలకూ మధ్య ఇరవై నిమిషాలు. స్లోలో ఉంటే క్యామ్ మీదికి ఆయిల్ సరిగ్గా చిమ్మదు. ఆ ఇరవై నిమిషాలూ ఆ అమ్మాయి గడియారం చూస్తూ నిలబడింది, నేను టెంపరేచర్ ముల్లు చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట లేదు. ముల్లు ఎనభై రెండు దగ్గర థర్మోస్టాట్ తెరుచుకుని ఆగింది.

గేర్‌బాక్సు, బ్రేకులు చిత్తూరులో ఆమె తెలిసినవాళ్లే చేశారు. ఇంజన్ కారులో ఎక్కించిన రోజు నేనూ ఆ తోపుకెళ్లాను. హెరాల్డ్ లాగే దీనికీ ముందు భాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు ఒరుగుతుంది. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇప్పుడొచ్చే కార్లలో చేయి దూరడానికి సందుండదు. ఆ టైరు మీద కూర్చుని ట్యాపెట్ల సందు పది థౌకు పెడుతుంటే, నేను నిక్కరు వేసుకున్న రోజుల వాసన వచ్చింది నాకు.

ఎనిమిది వందల కిలోమీటర్లు మెల్లగా నడిపించాక, పోయిన ఆదివారం తెల్లవారుజామున భాకరాపేట ఘాట్‌కు వెళ్లాం. తిరుమల ఘాట్‌లో ఇలాంటి పని చేయకూడదు, అది దేవుడి దారి. చంద్రగిరి దాటాక టాపు తీసేసింది. ఎక్కుడు మొదలయ్యాక మూడో గేర్‌లో, నాలుగు వేల దగ్గర పూర్తిగా తొక్కమన్నాను. నేను పక్క సీట్లో, చెవులు ఇంజన్ మీద. కంప్రెషన్ ఎక్కువైన ఇంజన్ అయితే ఇక్కడ డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు కొడుతుంది. కొట్టలేదు. ముల్లు ఐదు వేలు దాటింది, ఐదున్నర వేలు దాటింది. స్టీరింగ్ మీద వణుకు లేదు. మలుపులో గొంతు మారి, కొండకు తగిలి తిరిగొచ్చింది ఆ శబ్దం.

"అన్నా, ఇది చాలన్నా" అంది. పదిన్నర కంప్రెషన్ గురించి ఆమె మళ్లీ ఎత్తలేదు.

పైన ఒక చింత చెట్టు కింద, గట్టిగా తొక్కిన ఊపులోనే ఇంజన్ కట్టేసి, ప్లగ్గులు విప్పాం. మొదటి రెండూ కాల్చిన ఇటుక రంగు. మూడోది కూడా దాదాపు అంతే. నాలుగోది కొంచెం తెల్లగా ఉంది, పెట్రోలు చాలడం లేదు. పెట్రోలు కొంచెం పెరగడానికి వెనక కార్బురేటర్ కింది నట్టును ఒక్క ఫ్లాట్, అంటే దాని ఆరు ముఖాల్లో ఒక ముఖమంత, తిప్పి కిందికి దింపి, ప్లగ్గులు బిగించి, మళ్లీ కిందికి దిగి మొదటి నుంచి ఎక్కాం.